పురిటి సంచి బరువు

తూకమ్మ అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. పార్సిళ్ళ డిపోలో తొమ్మిదేళ్ళుగా ప్యాకింగు పని చేస్తోంది. వస్తువు అరచేతిలో పెడితే చాలు, ఎన్ని గ్రాములో చెప్పేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు నమ్మరు. నమ్మకపోతే మానె, టీ పందెం కాయండి అంటారు పాతవాళ్ళు. చెప్పుల జత పెట్టారు, చేతి గడియారం పెట్టారు, ఒకసారి ఒక మహానుభావుడు తన కట్టుడు పళ్ళు కాగితంలో చుట్టి మరీ పెట్టాడు. "ఇరవై రెండు గ్రాములు, కడుక్కుని పెట్టుకో బాబాయ్" అంది తూకమ్మ. కాటా మీద పెడితే ఇరవై రెండే. ఆ తర్వాత ఆయన పందేల జోలికి పోలేదు.

ఆ డిపోలో ఒక పద్ధతుంది. ప్రతి పెట్టెనీ రెండుసార్లు తూస్తారు. టేపు వేశాక బల్ల దగ్గర ఒకసారి, లారీ ఎక్కించే ముందు గేటు దగ్గర ఒకసారి. రెండు అంకెలకీ తేడా వచ్చిందంటే పెట్టె మీద ఎర్ర చీటీ అంటించి వెనక్కి పంపిస్తారు. కట్టిన మనిషే అందరి ముందూ దాన్ని విప్పి చూపించాలి. ఎందుకంటే టేపు వేసిన పెట్టె దానంతట అది బరువెక్కదు. ఎక్కిందీ అంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారన్నమాటే. ఇన్నేళ్ళలో తూకమ్మకి ఒక్క ఎర్ర చీటీ పడలేదు. ఆ మనిషికున్న గర్వమల్లా అదే, ఉండనివ్వండి పాపం.

అలాంటి ఆవిడ ఇంట్లో పురిటి సంచి బరువెక్కడం మొదలుపెట్టింది.

తొమ్మిదో నెల రాగానే సెలవు పెట్టి, ఆ మర్నాడే సంచి సర్దుకుంది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఉండేది ముగ్గురు: తను, లిఫ్టులు బాగుచేసే మొగుడు, అత్తగారు. మొగుడు పొద్దున ఏడింటికి పనిముట్ల పెట్టె పట్టుకుని దిగితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. పగలంతా అత్తాకోడళ్ళే. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. మధ్యాహ్నం పూట ఆ అంతస్తంతా ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, వంటింటి కుళాయి చుక్క రాలితే పడకగదిలో వినపడుతుంది.

సర్దడం కూడా డిపో లెక్కే. మొత్తం ఏడు మూటలు. ముందు బొత్తాలున్న నైటీలు ఒక మూట. మెత్తటి పాత నూలు గుడ్డలు ఒకటి. తువ్వాళ్ళు. బిడ్డకి చొక్కాలు, మేజోళ్ళు. బిడ్డని చుట్టే దుప్పటి. సబ్బు, దువ్వెన, బ్రష్షు. తిరిగి ఇంటికొచ్చేటప్పుడు తను వేసుకునే బట్టలు. ఆసుపత్రి కాగితాలు మాత్రం పక్క అరలో. ఏడు మూటలకీ తన ముడి వేసింది. కట్టిన మూట విప్పకూడదు, మూటలు లెక్కపెట్టుకోవాలి. అది వాళ్ళ పనిలో మొదటిరోజే నేర్పే పాఠం. జిప్పు లాగి, ఒక్కసారి చేత్తో ఎత్తి చూసింది. నాలుగు కిలోల రెండు వందలు. తలుపు పక్కన కుర్చీ మీద పెట్టింది.

ఇది ఆవిడ సర్దిన రెండో పురిటి సంచి. మొదటిది మూడేళ్ళ కిందటిది.

ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, దాచిపెట్టి ప్రయోజనం లేదు. అప్పుడు కూడా తొమ్మిదో నెలే. ఒకరోజు పొద్దున మంచం మీంచి లేచి నిలబడగానే కడుపు బరువు మారినట్టనిపించింది. తగ్గలేదు, పెరగలేదు. మారింది. ప్రాణమున్న బరువు మనం అటు వంగితే ఇటు తూగుతుంది, మనతో పోట్లాడుతుంది. ఆ పొద్దున మాత్రం పెట్టెలో సరుకులా ఎటు వంగితే అటు ఒరిగింది. వెళ్ళి అత్తగారికి చెప్పింది. "నెలలు నిండాయి కదా, బిడ్డ కిందికి దిగుతుంటుంది. అలాగే ఉంటుంది. ఎడమ పక్కకి తిరిగి కాసేపు పడుకో" అంది అత్తగారు. ఆవిడా కన్నదే, ఆవిడకీ తెలుసుననుకుంది. పడుకుంది. సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళేసరికి బిడ్డ గుండె ఆగిపోయి ఉంది.

"ఎప్పుడు ఆగిందో చెప్పలేం. పొద్దున వచ్చినా ఏమయ్యుండేదో కూడా చెప్పలేం" అన్నాడు అప్పటి డాక్టరు. అత్తాకోడళ్ళిద్దరూ ఆ ఒక్క మాట పట్టుకుని మూడేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నారు. ఆ పొద్దుటి గురించి ఇద్దరిలో ఎవరూ నోరెత్తలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు తూకమ్మ ఒక్కటే అడిగింది, ఆ సంచి తన కంట పడకూడదని. ఎవరికో ఇచ్చేశానంది అత్తగారు.

ఇప్పుడు ఈ బిడ్డ బతికి బట్టకట్టాలి. తూకమ్మకి ఇంకో కోరిక లేదు. నిద్రలో కూడా చెయ్యి కడుపు మీదే ఉంటోంది.

సంచి సర్దిన మర్నాడు ఇల్లు ఊడుస్తూ, కుర్చీ జరపడానికి సంచి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ముప్ఫై గ్రాములు ఎక్కువుంది. దించి మళ్ళీ ఎత్తింది. ముప్ఫై. జిప్పు తీసి చూసింది. ఏడు మూటలు, ఏడు ముడులు, తన ముడులే. నిద్ర చాలలేదేమో అనుకుని చీపురు పట్టుకుంది.

మూడోరోజు ఇంకో యాభై పెరిగింది. ఈసారి జిప్పు తియ్యగానే ఏదో వాసన. సన్నగా, తియ్యగా, చంటిపిల్లల పౌడరు వాసన. తను ఈసారి పౌడరు కొననేలేదు. వద్దనుకుంది. మూడేళ్ళ కిందట కొన్న డబ్బాకి సరిగ్గా ఇదే వాసన ఉండేది. మూటలు లెక్కపెట్టింది. ఏడే. జిప్పు మూసేసి, సంచి వైపు వీపు పెట్టి కూర్చోవడానికి కూడా ధైర్యం చాలక, దానికి ఎదురుగా మంచం మీద కూర్చుంది.

రాత్రి భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. ఆయన మంచివాడే గానీ, ఏ మాట ఎప్పుడనాలో తెలియని మనిషి. "సంచికి కూడా నెలలు నిండుతున్నాయేమో" అని నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. అత్తగారు గిన్నెలోకి చూస్తూ, "చేతులకి నీరు పట్టిందమ్మాయ్. ఈ రోజుల్లో ఏదెత్తినా బరువుగానే ఉంటుంది" అంది. తూకమ్మ తన వేళ్ళు చూసుకుంది. నిజమే, కాస్త ఉబ్బాయి. ఉంగరం తీసి డబ్బాలో పెట్టి పది రోజులైంది.

చెయ్యి పాడైపోయిందేమోనన్న భయం పట్టుకుంది. వంటింట్లోకి వెళ్ళి కిలో పంచదార పొట్లం ఎత్తి చూసింది. కిలోనే అనిపించింది. కానీ దాని మీద కిలో అని అచ్చేసి ఉంది కదా, తెలిసిన బరువుని చెయ్యి ఇట్టే ఒప్పుకుంటుంది. దాంతో తేలేదేం లేదు.

నాలుగోరోజు డిపోలో చేసినట్టే చేసింది. సొరుగులోంచి గోధుమరంగు టేపు తీసి, జిప్పు ఈ చివర నుంచి ఆ చివర దాకా అంటించేసింది. గోటితో నొక్కి నొక్కి అంటించింది. ఐదోరోజు పొద్దున స్నానం చేసి వచ్చి చూస్తే టేపు అంటించింది అంటించినట్టే ఉంది. ముడత లేదు, చిరుగు లేదు. సంచి ఎత్తింది. నలభై గ్రాములు పెరిగింది.

సంచి దించేసి గోడ పట్టుకుంది. టేపు వేసిన పెట్టె దానంతట అది బరువెక్కదని పదిమందికి పాఠం చెప్పిన మనిషి ఆవిడ. ఇప్పుడు రెండే మాటలు. చెయ్యి అబద్ధమైనా చెబుతూ ఉండాలి, లేదా ఆ మొదటి సంచి కొంచెం కొంచెంగా ఈ సంచిలోకి వచ్చి చేరుతూ ఉండాలి. పోయిన బిడ్డ తన వాటా అడుగుతున్నట్టు అనిపించింది. ఈ బిడ్డ సంగతేమిటని వెంటనే ఇంకో భయం. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతోంది, కింద వీధిలో ఎవడో బండి హారను కొడుతున్నాడు. ఆవిడకి ఒళ్ళంతా చల్లబడింది.

ఎవరికి చెప్పుకుంటుంది? మొగుడికి చెబితే నవ్వులాట. అత్తగారికి చెబితే మళ్ళీ నీరు పట్టిందంటుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆలోచించి ఆలోచించి చివరికి చెయ్యే చెడిపోయిందని తీర్మానించుకుంది. రెండు భయాల్లో అదే చిన్నది. తొమ్మిదేళ్ళ పనితనం పోతే పోయింది, బిడ్డ ఉంటే చాలు. ఆ తర్వాత సంచి ముట్టుకోవడం మానేసింది.

ఏడోరోజు మధ్యాహ్నం తిన్న కంచం కడుగుతోంది. తిరిగి గోడకి ఆనించబోతూ పక్కకి వంగింది. కడుపు కూడా వంగింది. ఎదురు తూగలేదు.

కంచం జారి గచ్చు మీద గిరగిరా తిరిగి పడింది. ఆ చప్పుడుకి బిడ్డ ఉలిక్కిపడాలి, ఏ చప్పుడుకైనా పడుతుంది. లోపల మెల్లగా ఏదో కదిలింది గానీ, నిద్రలో మనిషి పక్కకి ఒత్తిగిల్లినట్టు కదిలింది. అంతే. పొద్దున బాగానే తన్నింది కదా అనుకుంది. మొన్ననే పరీక్ష చేసి అంతా బాగుందన్నారు కదా అనుకుంది. ఇటు వంగి చూసింది, అటు వంగి చూసింది. మూడేళ్ళ కిందటంత మొద్దుగా లేదు. కానీ ఆ దారిలోనే ఉంది.

"ఏమైందమ్మాయ్?" అని ముందుగదిలోంచి కేకేసింది అత్తగారు.

"కంచం జారింది అత్తయ్యా."

చెబుదామనే నోరు తెరిచింది. ఏమని చెబుతుంది? సంచి బరువు పెరిగిందని చెప్పిన చెయ్యే ఇప్పుడు కడుపు బరువు మారిందంటోంది. ఆ చెయ్యి చెడిపోయిందని తనే ఒప్పుకుంది. ఈ మాట పట్టుకుని ఆసుపత్రికి పరిగెడితే, ఏమీ లేదు పొమ్మంటే, పిచ్చిదని అనుకోరూ? గదిలోకి వెళ్ళింది. ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. అవును, మళ్ళీ అదే పక్క, అదే మంచం. అనవలసినవాళ్ళు ఎవరూ అనకుండానే తనకి తనే చెప్పుకుని పడుకుంది. తలచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది గానీ, భయపడ్డ మనిషి అలాగే చేస్తుంది.

ఎదురుగా కుర్చీ, కుర్చీ మీద సంచి. కళ్ళు మూతలు పడలేదు, పూర్తిగా తెరిచీ లేవు. ఎంతసేపయిందో, తలుపు మెల్లగా కదిలింది. గాలి లేదు. కిర్రుమనకుండా, సందు వెడల్పు పెరుగుతూ పోయింది. తూకమ్మ రెండు చేతులూ కడుపు మీద కప్పుకుంది.

తలుపు సందులోంచి వచ్చింది అత్తగారు. చెప్పుల్లేకుండా, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చింది. కోడలి మొహం వైపు ఒకసారి చూసింది, నిద్రపోతోందనుకుంది. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, టేపుని గోటితో చివరి నుంచి ఒలిచింది. జిప్పు తీసింది. బొడ్లోంచి పసుపురంగు ఊలు టోపీ తీసి, రెండుసార్లు దాన్ని చెంపకి ఆనించుకుని, ఒక మూట మూలలోంచి లోపలికి దూర్చింది. ముడి విప్పలేదు. జిప్పు లాగి, చీరకొంగు కింద దాచుకున్న టేపు చుట్ట తీసి కొత్త ముక్క అంటించడం మొదలుపెట్టింది. గోటితో నొక్కి నొక్కి, అచ్చం కోడలు అంటించినట్టే.

ఆ టోపీ మొదటి సంచిలోది. అత్తగారే అల్లింది.

ఇంకొకరైతే ఏమనేవారో. ఇన్ని రోజులు నన్ను పిచ్చిదాన్ని చేశావని విరుచుకుపడేవారేమో. తూకమ్మ బుర్రలో ఆ మాటే రాలేదు. ముప్ఫై నిజం, యాభై నిజం, నలభై నిజం. చెయ్యి ఒక్క గ్రాము కూడా అబద్ధం చెప్పలేదు. అలాగైతే కంచం కడుగుతుండగా చెప్పింది కూడా నిజమే.

మంచం మీద లేచి కూర్చుంది. "అత్తయ్యా."

అత్తగారి చేతిలో టేపు చుట్ట కింద పడి దొర్లుకుంటూ మంచం కిందకి పోయింది. ముసలావిడ మొహం పాలిపోయింది. "ఇచ్చెయ్యలేకపోయానమ్మాయ్. చెబితే వద్దంటావని... ఒక్కొక్కటీ కలిపేస్తే ఆసుపత్రిలో నీకు తెలియకుండానే తొడిగేద్దామనుకున్నాను. నా చేత్తో అల్లినవి ఎవరో ఒకరు తొడుక్కోవాలి కదా. నీ చేతికి అంత చిన్నది కూడా తెలుస్తుందనుకోలేదు. తెలిసిపోయిందని నువ్వు చెప్పాక ఒప్పుకోవడానికి భయమేసి, నీరు పట్టిందన్నాను" అంది, ఒక్క గుక్కలో.

"అది తర్వాత. కడుపులో బరువు మారింది అత్తయ్యా."

ఆ మాట ఆ ఇంట్లో రెండోసారి వినపడింది. అత్తగారి పెదవులు విడివడ్డాయి. ఏదో మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగడం తూకమ్మకి కనపడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలావిడ నోరు మూసుకుంది. లేచింది. చెప్పులు వేసుకోవాలన్న సంగతి కూడా మరిచిపోయి మూడంతస్తులూ దిగి, వీధి మధ్యలో చేతులు చాపి నిలబడి, ఎవరో ముందే పిలిపించుకున్న టాక్సీని ఆపేసింది. ఆ టాక్సీ కోసం నిలబడ్డ పెద్దమనిషి ఏదో అనబోయి, మెట్ల మీంచి రెయిలింగు పట్టుకుని దిగుతున్న నిండు చూలాలిని చూసి తనే తలుపు తీసి పట్టుకున్నాడు.

ఏడు మూటల సంచి కుర్చీ మీదే ఉండిపోయింది.

ఆసుపత్రిలో నర్సు కడుపుకి పట్టీ చుట్టి యంత్రం పెట్టింది. గుండె చప్పుడు వినపడింది. వినపడగానే తూకమ్మ ఏడ్చేసింది. నర్సు మాత్రం నవ్వలేదు. గడియారం చూసింది, మళ్ళీ యంత్రం చూసింది, నడుస్తూ గదిలోంచి వెళ్ళి పరిగెత్తుతూ డాక్టరుని వెంటబెట్టుకుని వచ్చింది. చప్పుడు నెమ్మదిస్తోంది. ఆగి, మళ్ళీ అందుకుని, మళ్ళీ నెమ్మదిస్తోంది. తర్వాత అంతా పైకప్పు దీపాలు, స్ట్రెచరు చక్రాలు, ఎవరో తన చెయ్యి పట్టుకుని ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టించడం.

ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. తిరగేసి, వీపు రుద్ది, మూతికి గొట్టం పెట్టాక ఏడ్చింది. ఏడవడం మొదలుపెట్టాక ఇక ఆపలేదు, గొంతు మహా పెద్దది. ఆసుపత్రివాళ్ళ తెల్ల గుడ్డలోనే చుట్టి తెచ్చి చూపించారు.

సాయంత్రానికి తూకమ్మకి బాగా తెలివొచ్చింది. మొగుడు లిఫ్టు గ్రీజు చేతులతోనే పరిగెత్తుకొచ్చి, చేతులు కడుక్కుంటే గానీ పిల్లని ముట్టుకోవద్దని నర్సు తరిమితే బయట కుళాయి దగ్గర రుద్దుకుంటున్నాడు. అత్తగారు మంచం పక్కన నిలబడి ఉంది. డాక్టరమ్మ వచ్చి కాగితాలు చూసింది.

"కదలికలు తగ్గాయని ఎప్పుడు గమనించారమ్మా?"

"కదలికలు కాదండీ. బరువు తేడాగా అనిపించింది."

డాక్టరమ్మకి అర్థమైందో లేదో, తలూపింది. "ఏదైతేనేం, అనిపించగానే వచ్చారు. ఇంకో గంట పడుకుని ఉంటే ఈ పాప దక్కేది కాదు. వెంటనే తీసుకొచ్చారు, మీరు కూడా మంచిపని చేశారమ్మా" అని అత్తగారి భుజం తట్టి వెళ్ళిపోయింది. మంచి మాటే. మనసారా అన్న మాట. అందులో తప్పేమీ లేదు.

మూడేళ్ళుగా ఇద్దరూ పట్టుకుని వేలాడిన మాట, ఏమయ్యుండేదో చెప్పలేమన్న ఆ మాట, ఇప్పుడు లేదు. ఆ రోజు పొద్దున్నే వెళ్ళి ఉంటే ఏమయ్యుండేదో, దానికి జవాబు ఉయ్యాలలో పడుకుని నిద్రపోతోంది. తూకమ్మకి అది తెలిసింది. అత్తగారికీ తెలిసిందని ఆవిడ చేతులు చూస్తే తెలిసింది. ఆ చేతులు మంచం ఇనప చట్రాన్ని వదలడం లేదు.

"ఆ రోజు నువ్వు పొద్దున్నే చెప్పావు" అంది అత్తగారు. "పడుకోమన్నది నేనే."

కాదని ఒక్క మాట అంటే ముసలావిడకి ఊపిరి తిరుగుతుంది. డాక్టర్లు ఏదో అంటుంటారు లెండి అంటే సరిపోతుంది. తూకమ్మకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కోపం కూడా వచ్చింది, గొంతు దాకా వచ్చింది, కుట్లు లాగేంత గట్టిగా వచ్చింది. అది కాస్త దిగేదాకా ఆగింది.

"నేనూ పడుకున్నాను కదా అత్తయ్యా" అంది. "ఇవాళ ఎవరూ చెప్పకుండానే పడుకున్నాను."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తూకమ్మ ఆపమనలేదు. తనకీ కళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి సూది గుచ్చిన చెయ్యి లేవలేదు. కాసేపటికి పాప కదిలింది, ఇద్దరూ అటు చూశారు.

అప్పుడు అడిగింది తూకమ్మ, మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగని మాట. మొదటి కాన్పు రోజు, మగబిడ్డ, చూస్తావా అని నర్సు అడిగితే తల అడ్డంగా ఊపి గోడ వైపు తిరిగిపోయింది. చేతుల్లోకి తీసుకున్నది అత్తగారొక్కతే.

"వాడు ఎలా ఉన్నాడు అత్తయ్యా?"

ముసలావిడ మొహం తుడుచుకుంది. స్టూలు దగ్గరికి లాక్కుని, కోడలి చెయ్యి తన చేతిలోకి తీసుకుని కూర్చుంది. "జుట్టు ఒత్తుగా ఉంది" అంది. "చెవులు నీవే. ఎడమ చెయ్యి పిడికిలి బిగించుకుని ఉన్నాడు. ఎంతసేపు నిమిరినా విప్పలేదు."

"ఇంకా?" అంది తూకమ్మ.